తిట్టు ఎందుకు తప్పు?

పని చేయించేవాడు పనిచేసేవాణ్ణి తిట్టటం తప్పని చెప్పటానికి పరిశోధన కావాలా అని ఎవరైనా అడగవచ్చు. అక్కర్లేదు. కాని ఎందుకు తప్పు అని అడిగితే మాత్రం మనలో చాలామందిమి తడబడతాం. ఆ ప్రశ్నకు విశ్వవిద్యాలయాలు నలభై ఏళ్ళుగా ఒక జవాబు చెబుతున్నాయి. ఆ జవాబును తోసిపారేయటం సులువు. అయితే దాన్నుంచి నేర్చుకోవలసింది ఉంది గనుక ముందు అదేమిటో చూద్దాం.

1980లలో స్వీడన్‌లో హైన్జ్ లేమన్ అనే మనస్తత్వవేత్త, పనిచోట నలుగురు చేరి ఒక మనిషిని నెలల తరబడి వేధిస్తే అతని ఆరోగ్యం ఏమవుతుందో పరిశీలించాడు. 2000లో అమెరికాలో బెనెట్ టెప్పర్ అనే ఆచార్యుడు పై అధికారి దౌర్జన్యాన్ని కొలవటానికి పదిహేను వాక్యాల పట్టిక ఒకటి ప్రయోగించాడు. అధికారి నిన్ను ఎగతాళి చేస్తాడా, నలుగురిలో చులకన చేస్తాడా, కష్టపడి చేసిన పనికి గుర్తింపు లేకుండా చేస్తాడా—ఇట్లాంటివి. అటువంటి అధికారి కింద పనిచేసేవాళ్ళు ఉద్యోగం మానటం ఎక్కువనీ, మానకుండా ఉన్నవాళ్ళకు తృప్తి తగ్గి, మనసు చెడి, ఇంట్లో కూడా శాంతి ఉండదనీ తేలింది. ఇంకొక విషయం కూడా తేలింది: వేరేచోట పని దొరికే వీలు తక్కువగా ఉన్నవాళ్ళకు ఈ హాని మరింత ఎక్కువ.

పరిశోధకుడికి ఇది అనేక అంశాల్లో ఒక అంశం. మనకు అసలు విషయమే ఇది. పని పోతే పూట గడవనివాడి మీద పడ్డ తిట్టూ, రేపు మరొక కంపెనీకి పోగలవాడి మీద పడ్డ తిట్టూ ఒకటి కావని ఆ లెక్కలే ఒప్పుకున్నాయి. ఒప్పుకుని, ముందుకు సాగిపోయాయి.

బ్రిటిష్ ప్రభుత్వోద్యోగులను 1967 నుంచి పరిశీలించిన వైట్‌హాల్ అధ్యయనం ఇంకాస్త దూరం పోయింది. వాళ్ళంతా ఆఫీసు ఉద్యోగులే; తిండికి లేనివాళ్ళు ఎవరూ లేరు. అయినా అట్టడుగు మెట్టు మీద ఉన్నవాళ్ళు పై మెట్టు వాళ్ళకన్నా మూడు రెట్లకు పైగా గుండెజబ్బుతో చనిపోయారు. సిగరెట్లూ రక్తపోటూ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. తన పని మీద తనకు అధికారం లేకపోవటం మనిషి గుండెను తినేస్తుందని తర్వాతి పరిశోధనలు సూచించాయి.

ఇంతవరకూ బాగుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ పరిశోధన కంపెనీల చేతికి పోయేసరికి వాదం ఇట్లా మారుతుంది: తిడితే ఆరోగ్యం చెడుతుంది, ఆరోగ్యం చెడితే పని చెడుతుంది, పని చెడితే నష్టం వస్తుంది, కనుక తిట్టకూడదు. చివరికి క్షేమం ఎవరిదో గమనించండి. తిడితే పని పెరిగేటట్టయితే ఈ వాదానికి నోరు లేదు.

నందిగామ చుట్టూ మెట్ట పొలాల్లో పత్తీ మిరపా పండిస్తారు. రోజుకూలి మీద మిరపకాయ కోయించేచోట గట్టు మీద నిలబడ్డ మేస్త్రీ నోరు ఊరుకోదు. పత్తి తీతకు కిలో లెక్కన ఇచ్చేచోట అతను అంతగా అరవనక్కర్లేదు. తూకమే అరుస్తుంది. మనిషి ఒకడే కావచ్చు. అతని స్వభావం మారలేదు, కూలి పద్ధతి మారింది. పని లెక్కన కూలి ఇస్తే పర్యవేక్షణ చాలావరకు అనవసరమవుతుందని మార్క్స్ 1867లోనే రాశాడు. టెప్పర్ పట్టిక పట్టుకుపోతే పత్తి చేలో దౌర్జన్యం కనిపించదు. మంచినీళ్ళకు కూడా ఆగకుండా వంగి పత్తి తీసే ఆడమనిషి నడుము ఆ పట్టికలో లేదు.

స్వభావాల మాట వచ్చింది గనుక ఒక పాత సంగతి. మునగాల పరగణా ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది గాని, ఒకప్పుడు కృష్ణాజిల్లాలోదే. అక్కడి జమీందారు నాయని వెంకటరంగారావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు తోడ్పడ్డవాడు. కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దగ్గర దివానుగా పనిచేశాడు. ఆ జమీందారీ మీదనే 1930లలో రైతులు వెట్టికి వ్యతిరేకంగా పోరాడవలసి వచ్చింది. యజమాని సంస్కారాన్ని కొలిచి ఉంటే మంచి మార్కులే వచ్చేవి.

ఇక రెండవ చిక్కు. జగ్గయ్యపేట దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో చాలా ఏళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఒకాయనను, మీ సూపర్వైజరు తిడతాడా అని అడిగాను. “తిట్టడండీ, మంచాయనే” అన్నాడు. మేం మాట్లాడుతుండగానే ఆ మంచాయన “ఒరేయ్, ఇట్రారా!” అని కేకేశాడు. కేకేసినవాడికి ముప్పై లేవు, పరుగెత్తినవాడికి యాభై దాటాయి. ఆయన నాతో అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో అది తిట్టు కాదు.

మరి ఇక్కడ తప్పు జరిగిందా? బాధే కొలత అయితే జరగలేదు. దీర్ఘకాలం లేమిలో బతికినవాళ్ళు తమ కోరికలను ఆ లేమికి తగ్గట్టు కుదించుకుంటారు గనుక సంతోషాన్ని న్యాయానికి కొలతగా తీసుకోకూడదని అమర్త్యసేన్ వాదించాడు. ఆయన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అయితే బాధ లేనిచోట తప్పు దేనిలో ఉన్నట్టు?

నాకు తోచిన జవాబు మన భాషలోనే ఉంది. ఇంగ్లీషులో ఎదుటివాణ్ణి పిలవటానికి ‘యూ’ ఒక్కటే. మనకు రారా, రావోయ్, రావయ్యా, రండి అని మెట్లున్నాయి. ఆ పదిహేను వాక్యాలనూ తెలుగు చేస్తే మాటలు వస్తాయి గాని ఈ మెట్లు రావు. ‘ఒరే’లో దోషం ఉందనటం లేదు, స్నేహితులు అనుకుంటే అది ముద్దే. అన్నవాణ్ణి తిరిగి అనవచ్చునా అన్నదే పరీక్ష. ఆ క్వారీ మనిషి ఆ కుర్రవాణ్ణి “ఒరేయ్” అని పిలిచి మర్నాడు పనికి రాగలడా? రాలేడు. ఎవరిని ఎట్లా పిలవాలో చాలాసార్లు వయసు కాదు, కులం నిర్ణయిస్తుంది. కులం పేరు ఎత్తకుండానే కులం వినిపిస్తుంది. జవాబు చెప్పే హక్కు లేనివాడిగా ఒక మనిషిని నిలబెట్టటమే అక్కడ జరిగిన తప్పు. ఆయనకు నొప్పి పుట్టినా పుట్టకపోయినా అది తప్పే.

1999లో ఆండర్సన్, పియర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, పనిచోట అమర్యాద ఒకరి నుంచి ఒకరికి పోయి తిరిగివచ్చి సుడిగుండంలా పెరుగుతుందని రాశారు. తిరిగి అనగలవాళ్ళ మధ్య అది నిజం. అనలేనిచోట అది పైకి పోదు. సాయంత్రం ఇంటికి పోయి భార్య మీద, పిల్లల మీద పడుతుంది.

‘ఉద్యోగి క్షేమం’ అనే మాటలో ఉద్యోగి ఎవరు అన్నది మరొక ప్రశ్న. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మె చేశారు. అప్పుడు కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు. దాన్ని జీతమనరు, గౌరవవేతనమంటారు. జీతమంటే వాళ్ళు ఉద్యోగులవుతారు. జనవరి 6న ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. అంటే వాళ్ళ సేవ అత్యవసరం, వాళ్ళు మాత్రం ఉద్యోగులు కారు. ఇంత మర్యాదగా ఇంత అవమానం చేయటం ఏ మేస్త్రీకీ చేతకాదు.

పిలుపులూ మర్యాదలూ పైపై విషయాలు, కూలి పెరిగితే అవే మారతాయి అని మన మిత్రులు కొందరంటారు. కూలి పెరగాలి, పర్మనెంటు కావాలి. అందులో సందేహం లేదు. కాని పర్మనెంటయిన కార్మికుడు, యూనియన్ చందా క్రమంగా కట్టేవాడు, పక్కన పనిచేసే కాంట్రాక్టు మనిషిని “ఒరేయ్” అనటం నేను విన్నాను. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఈ దౌర్జన్య పరిశోధన మీదనే స్టాఫ్‌రూములో చర్చ జరుగుతుండగా, అందరికన్నా పెద్దవాడైన అటెండరు టీ తెచ్చాడు. “ఇక్కడ పెట్టరా” అన్నవాడు అభ్యుదయవాది. నేను విన్నాను, టీ తాగాను.