బాపమ్మ సాక్ష్యం

మా ఊరు మెట్‌పల్లి దగ్గర. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. చిన్నప్పుడు కాలికి రాయి తగిలి నెత్తురొస్తే మా బాపమ్మ ఇంత పసుపు తెచ్చి ఒత్తేది. "ఊకో బిడ్డా, రేపటికి మానుతది" అనేది. నీకెవరు చెప్పిన్రు అని అడిగితే నవ్వేది. "గిది ఒకలు జెప్పాల్నా?"

నేను హైదరాబాద్‌లో చేసే ఉద్యోగం ఆ మాటకి పూర్తిగా వ్యతిరేకం. ఎవరో ఒక కొత్త విషయం కనిపెట్టామంటారు. అది నిజంగా కొత్తదేనా, ఇంతకుముందు ఎక్కడైనా ఉందా అని వెతికి రిపోర్టు రాయాలి. ఒకలు చెప్పి ఉండాలి. ఎప్పుడు చెప్పారో తేదీ ఉండాలి. లేకపోతే, "సంబంధిత ఆధారం దొరకలేదు" అని రాస్తాను. ఆ వాక్యం ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

పసుపు కథ అందరికీ తెలిసిందే. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995 మార్చిలో అమెరికా పేటెంట్ ఆఫీసు మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పేటెంట్ ఇచ్చింది. మళ్ళీ పరిశీలించమని 1996లో మన సీఎస్‌ఐఆర్ అడిగింది. 32 ఆధారాలు ముందు పెట్టింది. అందులో సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలున్నాయి, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో అచ్చయిన ఒక వ్యాసమూ ఉంది. 1997 ఆగస్టులో అదే ఆఫీసు ఆ క్లెయిములన్నీ కొట్టేసింది.

గెలుపే, కాదనను. కానీ గెలిచిందెవరు? అప్పటి అమెరికా చట్టం ప్రకారం, వేరే దేశంలో జనం ఒక పద్ధతి వాడుతున్నారన్నది లెక్కలోకి రాదు. అచ్చయి ఉండాలి, లేదా ఎక్కడైనా పేటెంటై ఉండాలి. కోరుట్ల, మెట్‌పల్లి ఆడవాళ్ళంతా విమానమెక్కి పోయి సాక్ష్యం చెప్పినా చెల్లేది కాదు. గెలిచింది కాగితం.

ఇది అన్యాయం కాదా? చాలాకాలం నాకు అన్యాయమనే అనిపించింది. కానీ రెండో వైపు కూడా చూడాలి. ఒక చిన్న మనిషి ఏళ్ళు కష్టపడి ఒక పనిముట్టు తయారుచేశాడనుకోండి. పెద్ద కంపెనీ ఒకటి నలుగురు సాక్షుల్ని తెచ్చి, "ఇది మా దగ్గర ఎప్పట్నుంచో ఉంది" అంటే? మాటకి తేదీ ఉండదు, కాగితానికి ఉంటుంది. కాగితం అడగడం ఒక్కోసారి బలహీనుణ్ణి కాపాడటమే.

మన చట్టం మధ్యే మార్గం పట్టింది. 2002 సవరణతో, స్థానిక సమూహాల్లో నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని కూడా పేటెంటుకి అభ్యంతరంగా చూపించొచ్చని సెక్షన్ 25 అంటుంది. పేటెంట్ ఇవ్వకముందు ఎవరైనా సరే అభ్యంతరం చెప్పొచ్చు. అంటే చట్టం బాపమ్మకి కుర్చీ వేసింది.

కానీ ఆ కుర్చీ దాకా దారేది? దరఖాస్తుల వివరాలు వచ్చే పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం ఇంగ్లీషులో వస్తుంది. తెలంగాణ దరఖాస్తులు చూసేది చెన్నై ఆఫీసు. అక్కడ దరఖాస్తు తిరస్కరిస్తే దరఖాస్తుదారుకి అప్పీలుంది. 2021లో అప్పీలేట్ బోర్డును రద్దు చేశాక ఆ అప్పీళ్ళు హైకోర్టుకే పోతున్నాయి. మరి పేటెంట్ ఇవ్వకముందు చెప్పిన అభ్యంతరాన్ని తోసిపుచ్చితే? అభ్యంతరం చెప్పిన మనిషికి చట్టంలో నేరుగా అప్పీలు లేదు. పేటెంట్ ఇచ్చాక ఏడాదిలోపు మళ్ళీ మొదట్నుంచి అభ్యంతరం వేయాలి. ఈసారి తనకి అందులో ఆసక్తి ఉందని కూడా చూపాలి. ఒకరికి పైమెట్టు, ఇంకొకరికి మళ్ళీ మొదటి మెట్టు.

పైమెట్లన్నీ ఎక్కగలిగినవాళ్ళకైనా జవాబు దొరుకుతుందా? మా మేనమామ ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి వేస్తాడు. బీటీ పత్తి మీద మోన్‌శాంటో పేటెంటుకీ, మన హైదరాబాద్ నూజివీడు సీడ్స్‌కీ మధ్య పెద్ద కేసే నడిచింది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం, విత్తనాలకీ మొక్కలకీ పేటెంట్ ఉండదన్న సెక్షన్ 3(జె) కింద ఆ పేటెంట్ చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కన పెట్టింది. ఇంత క్లిష్టమైన విషయం సాక్ష్యాలు, నిపుణులు లేకుండా తేల్చకూడదని మళ్ళీ కింది మెట్టుకి పంపింది. ఆ మాట సరైందే. కానీ ఆ ఏడాది నవంబర్లోనే పేటెంట్ గడువు అయిపోయింది. 2021లో ఇద్దరూ రాజీపడ్డారు. విత్తనంలో పెట్టిన జన్యువు ఎవరిది అన్న ప్రశ్నకి ఆ కేసులో జవాబు రాలేదు.

మామకి ఇదంతా చెప్పాను. "కోర్టుల ఏమైతె మాకేంది అల్లుడా, ప్యాకెట్ ధర జెప్పు" అన్నాడు. ఆ ధర తగ్గింది కూడా ఈ కేసు వల్ల కాదు. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఎమ్మార్టీపీ కమిషన్‌కి వెళ్ళి కొట్లాడి, పదహారు వందలు దాటిన ప్యాకెట్‌ని 750కి దింపింది. కేసులో కంపెనీలున్నాయి, ప్రభుత్వాలున్నాయి. ఆ పేటెంట్ కేసులో విత్తనం వేసే మనిషి వాది కాదు, ప్రతివాది కాదు.

నాకు అర్థమైనంతలో, అప్పీలు అనేది ఒక వ్యవస్థ తన గురించి తాను చెప్పుకునే నిజం: "నేను తప్పు చేయొచ్చు." అది చాలా గొప్ప మాట. కానీ ఆ తప్పు చూపించే స్తోమత కొందరికే ఉంటే, ఆ వినయం సగమే. తప్పు దిద్దుకున్నారా అని అడిగితే సరిపోదు. ఎవరి కోసం, ఎంత ఆలస్యంగా అని కూడా అడగాలి.

చట్టం మార్చడం నా చేతిలో లేదు. రిపోర్టు నా చేతిలో ఉంది. "దొరకలేదు" అంటే "లేదు" అని కాదు. నేను వెతికిన చోట లేదు, అంతే. అందుకే ఈ మధ్య ఆ వాక్యం కింద ఇంకొకటి చేర్చడం మొదలుపెట్టాను: ఏ భాషల్లో వెతికానో, ఏ భాషల్లో వెతకలేదో. మా మేనేజర్ రెండుసార్లు కొట్టేశాడు. మూడోసారి ఉంచాడు.

తెలుగు ఇంకా ఆ రెండో జాబితాలోనే ఉంది. బాపమ్మ పోయి ఆరేళ్ళవుతోంది. ఆమెకి ఇంకేమేం తెలుసో నేను ఎన్నడూ కూర్చుని అడగలేదు.