గోడ వెనుక మట్టి

బిడ్డా, చెరువుల ఎన్‌ఓసీ ఫైళ్లు నీకు అప్పగించారని మీ బాపు చెప్తే సంతోషమేసింది, కొంచెం బెంగ కూడా పట్టుకుంది. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువు ఒడ్డున గజం ధర ఎంత పలుకుతోందో నాకంటే నీకే బాగా తెలుసు. అక్కడ రిటైనింగ్ వాల్ కట్టుకుంటామని వచ్చే దరఖాస్తులన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఒడ్డు కోసుకుపోతోంది, ప్లాటు కాపాడుకోవాలి, అనుమతి ఇవ్వండి అంటారు. గోడ ఎత్తు, మందం, ఇనుము లెక్క పొందిగ్గా గీసి ఇస్తారు. నువ్వు ముందుగా గోడ వెనుక ఏం రాబోతోందో చూడు. ఇప్పుడున్న నేల మట్టమెంత, గోడ కట్టాక ఎంతవుతుంది, మధ్యలో ఎంత మట్టి పోస్తారు? ఈ మూడూ డ్రాయింగులో లేకపోతే ఫైలు ముందుకు కదపకు, రాతపూర్వకంగా అడుగు. చెరువు వైపు గోడ లేపేది చాలాసార్లు మట్టి నింపడానికే.

లెక్క నువ్వే వేసి చూడు. ఎఫ్‌టీఎల్ లోపల, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులో, ఒక్క ఎకరం మీద మీటరున్నర ఎత్తు మట్టి పోస్తే సుమారు 6,000 ఘనపు మీటర్ల చోటు పోతుంది. అంటే 60 లక్షల లీటర్ల నీళ్లు. నిండు బిందెలో చేయి పెట్టినట్టే, ఆ నీళ్లు ఎటో ఒకవైపు పొర్లక తప్పదు. ఎదుటి ఒడ్డున పల్లంలో ఉన్న బస్తీలోకి పోతాయి, లేదంటే మత్తడి దుమికి కింది కుంట మీద పడతాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైదానికి చోటు తగ్గితే కిందిదానికి భారం పెరుగుతుంది. 2020 అక్టోబరు వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీదికి వచ్చింది, మనుషులు కొట్టుకుపోయారు. గుర్రం చెరువు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి. అవి ఫలానా గోడ వల్లే తెగాయని నేననను. నీళ్లకు చోటు లేకుండా చేస్తే ఏమవుతుందో మాత్రం ఆ రోజుల్లో చూశాం. పల్లంలో ఉండేవాళ్లు నీ టేబుల్ దగ్గరికి ఏ దరఖాస్తూ పట్టుకుని రారమ్మా. వాళ్ల తరఫున ఆ ఫైలు చదవాల్సిన మనిషివి నువ్వే.

ఎఫ్‌టీఎల్ ఒక మట్టమన్న సంగతి ఎప్పుడూ మరవకు. హుస్సేన్‌సాగర్‌కు అది సముద్రమట్టం నుంచి 513.41 మీటర్లు. ఎవరైనా రాత్రికి రాత్రి లారీలతో మట్టి తోలితే నేల లేస్తుంది, నీటి అంచు వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. దాన్నే సర్వే చేయించి, మా ప్లాటు ఎఫ్‌టీఎల్ బయటే ఉందని కాగితం తెస్తారు. అందుకే పాత టోపోషీటు, గ్రామ నక్షా, వెనుకటి ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని చూడు. బెంచ్‌మార్క్ ఎక్కడిదో అడిగి, అక్కడినుంచి లెవెల్ నీ ఎదుటే పట్టించు. మార్చిలో ఎండిన చెరువు చూసి వచ్చి రాసిన రిపోర్టు నాకెన్నడూ నచ్చలేదు. వీలైతే గట్టి వాన పడిన మర్నాడు వెళ్లు. ఏ కాలువ లోపలికి వస్తోంది, గోడ కడితే అది మూసుకుపోతుందా అన్నది ఆ రోజు కళ్లకు కడుతుంది.

నిబంధన నీకు తెలిసిందే. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్. ఆ లోపల కట్టడం అడిగితే చర్చ లేదు. శిఖం పట్టా, అంటే చెరువు ముంపు భూమికి పట్టా, ఉందని కొందరు వాదిస్తారు. పట్టా నిజమే కావచ్చు, నీళ్లు తీసినప్పుడు సాగు చేసుకునే హక్కును ఎవరూ కాదనరు. కట్టడానికి మాత్రం అది అనుమతి కాదు. ఈ ముక్క వాళ్లకు కసురుకోకుండా చెప్పు. వచ్చినవాళ్లందరూ కబ్జాదారులు కారు. కూతురి పెళ్లికి దాచిన డబ్బు పెట్టి, అమ్మినవాడి మాట నమ్మి మోసపోయినవాళ్లు ఉంటారు.

బఫర్ దాటి, నిజంగా నేల జారుతున్న చోట అడిగితే అనవసరంగా తిప్పకు, త్వరగా తేల్చు. కానీ గోడ పనితనం చూడు. మూడు మీటర్ల గోడ వెనుక పొడి మట్టి ఉంటే మీటరు పొడవుకు రెండున్నర, మూడు టన్నుల తోపుడు. నీళ్లు బయటికి పోయే దారిలేక మట్టి నానిపోతే అది ఆరు టన్నులకు పోతుంది. గోడలో నీళ్లు బయటికి కారే వీప్ హోల్స్ ఉన్నాయా, వాటి వెనుక కంకర ఫిల్టర్ ఉందా, పునాది కింద కోత పడకుండా ఏం చేశారు? డ్రాయింగులో చూపిస్తారు, సైటులో ఎగ్గొడతారు. మట్టి నింపేముందు ఒకసారి తనిఖీ చేయాలని షరతు పెట్టు. ఒడ్డు వాలుగా ఉండి కోత కొద్దిగానే ఉంటే గోడే అక్కర్లేదు. రాతి రివిట్‌మెంటు, వట్టివేరు గడ్డి చాలు. ఖర్చూ తక్కువే, కప్పలూ పక్షులూ ఒడ్డెక్కగలుగుతాయి కూడా.

ఫోన్లు వస్తాయి. నోటిమాట మీద ఏ నోటూ మార్చకు; చెప్పినవారిని కాగితం మీద పంపమను. కాదనాల్సివస్తే తొందరగా కాదను. ఏళ్లకేళ్లు పెండింగులో పెట్టడం జాలి కాదు, ఈలోపు వాళ్లు గోడ కట్టేసుకుంటారు, ఆనక మరొకరు వచ్చి కూలగొడతారు. తిరస్కరణ లేఖలో వాళ్ల సర్వే నంబరు దగ్గర నేల మట్టమెంత, ఎఫ్‌టీఎల్ ఎంత, అక్కడినుంచి దూరమెంత అన్నవి అంకెలతో రాయి. వాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాయి. అప్పీలుకు ఎక్కడికి వెళ్లాలో కిందే చెప్పు.