సర్వర్ బతికే ఉంది, దారే మూసుకుంది: హనుమ మౌనం చెప్పే పాఠం



ఈ వారం వీడియోలో సముద్రం ఒడ్డున జాంబవంతుడు హనుమంతుణ్ణి లేపే ఘట్టం చెప్పుకున్నాం కదా. దానికి తోడుగా మన ఫీల్డ్‌లో జరిగిన ఒక కథ చెప్తాను. మీలో చాలామంది ఐటీలోనే ఉన్నారు, కాబట్టి వెంటనే ఎక్కుతుంది.

2021 అక్టోబర్ 4, సోమవారం. మహాలయ పక్షం నడుస్తోంది, ఇంకో రెండు రోజుల్లో అమావాస్య. రాత్రి 9 దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. పులివెందులలో ఉన్నా, అమెరికాలో ఉన్నా అదే పరిస్థితి. సుమారు 6 గంటలు అంతే.

అప్పుడు క్లౌడ్‌ఫ్లేర్ అనే వేరే కంపెనీ ఇంజనీర్లు మొదట ఏమనుకున్నారో తెలుసా? "తప్పు మన డీఎన్ఎస్‌లోనే ఉందేమో" అని. ముందు తమ ఇల్లు చూసుకున్నారు. తర్వాతే తెలిసింది, ఫేస్‌బుక్ డీఎన్ఎస్ సర్వర్లకు వెళ్లే దారులే ఇంటర్నెట్‌లో లేవని.

కొంచెం విడమరిచి చెప్తా. పేరు చెబితే అడ్రస్ ఇచ్చేది డీఎన్ఎస్. "మా దగ్గరికి ఇటు నుంచి రండి" అని ఒక నెట్‌వర్క్ మిగతావాటికి చాటే పద్ధతి బీజీపీ. కడప నుంచి పులివెందులకొచ్చే దారిలో బోర్డులన్నీ ఒక్క రాత్రిలో పీకేశారనుకోండి. ఊరు ఎక్కడికీ పోదు. ఇళ్లల్లో సంగటి ఉడుకుతానే ఉంటుంది. వచ్చేవాడికే దారి తెలీదు.

అసలు కారణం తర్వాత ఆ కంపెనీయే చెప్పింది. మామూలు మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ మొత్తాన్ని తెంపేసింది. అలాంటి కమాండ్‌ను ఆపాల్సిన టూల్‌లో బగ్ ఉండి, ఆపలేకపోయింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. డీఎన్ఎస్ సర్వర్లు పాడవలేదు, నడుస్తూనే ఉన్నాయి. కానీ డేటా సెంటర్‌తో మాట కలవకపోయేసరికి, "నాలోనే ఏదో తేడా ఉంది, నా దగ్గరికి ఎవరూ రావద్దు" అన్నట్టు తమ దారులను తామే వెనక్కి తీసేసుకున్నాయి. వాటిని రాసిందే అలా.

ఇప్పుడు కిష్కింధకాండ చివరికి రండి. వానరులంతా నేను ఇంత దూకగలను, అంత దూకగలను అని లెక్కలేస్తున్నారు. హనుమ మాత్రం ఒక పక్కన, ఒంటరిగా, మౌనంగా కూర్చున్నాడు. బలం తగ్గలేదు. మునుల శాపం వల్ల ఆ బలం తనకే కనబడడం లేదు, ఎవరో గుర్తుచేయాలి.

మన పక్కన ఇలాంటివాళ్లు లేరా? పులివెందుల నుంచో జమ్మలమడుగు నుంచో బెంగళూరుకు, హైదరాబాద్‌కు పోయి, ఉద్యోగం ఊడిందనో, ఇంటర్వ్యూ పోయిందనో, అమ్మ ఫోన్ కూడా ఎత్తనివాళ్లు. గ్రూపులో మాట ఉండదు, పండక్కి ఊరికి రారు. మనం "వాడికి పొగరు" అనేస్తాం. వాడేమో లోపల "నేను పనికిరాను" అనుకుని దారులన్నీ తీసేసుకున్నాడు.

ఆ రోజు ఇంజనీర్లకు దూరం నుంచి లోపలికి పోయే వీల్లేకుండా పోయింది. రోజూ వాడే టూల్స్ కూడా పనిచేయలేదు. చివరికి మనుషులు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లారు. అక్కడి కట్టుదిట్టమైన సెక్యూరిటీ దాటి లోపలికి పోవడానికే చాలా టైం పట్టింది. జాంబవంతుడూ అంతే, ఒంటరిగా కూర్చున్న హనుమను తానే పలకరించాడు. తిట్టలేదు. "నువ్వు వాయుపుత్రుడివి" అని పుట్టుక గుర్తుచేశాడు, చిన్నప్పుడు సూర్యుడి కోసం ఎగిరిన కథ చెప్పాడు.

కాబట్టి మెసేజ్‌కు రిప్లై రాకపోతే వాడి రూముకు పోండి. "ఏం రా అబ్బీ, తిన్నావా?" అనండి. వాడు ఒకప్పుడు చేసిన మంచి పని ఒకటి గుర్తుచేయండి. అవసరమైతే డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. తొందరపెట్టొద్దు. ఆ రాత్రి కూడా సర్వీసులన్నీ ఒక్కసారిగా ఆన్ చేస్తే కరెంటు లోడు ఒక్కసారిగా పెరిగి మళ్లీ కుప్పకూలుతాయని, మెల్లమెల్లగా లోడు పెంచుకుంటూ పోయారు.

ఇక ఆ మౌనంలో ఉన్నది మీరే అయితే, మన గండి క్షేత్రం గుర్తుచేసుకోండి. పాపఘ్ని ఒడ్డున రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుణ్ణి గీశాడని, చిటికెనవేలు ఒక్కటి పూర్తికాకుండా మిగిలిందని స్థలపురాణం. ఆ వేలు సరిచేద్దామని తర్వాత ఒక శిల్పి ఉలి పెడితే రక్తం వచ్చిందట! శ్రావణ శనివారాల్లో వేలమంది మొక్కేది ఆ వేలు పూర్తికాని స్వామికే. ఒక లోటుందని రాముడు తన హనుమను వద్దనుకోలేదు, మిమ్మల్ని మాత్రం ఎందుకు అనుకుంటాడు? లోపల అంతర్యామి ఎప్పుడూ డౌన్ కాడు. దారి తీసేసింది మనమే అయితే, మళ్లీ తెరవగలిగేదీ మనమే.

ఈ శనివారం గుడికి వెళ్లేటప్పుడు, చాన్నాళ్లుగా మాట్లాడని ఒక్కరిని తోడు పిలుచుకుని వెళ్లండి.

జై హనుమాన్!