ఆవకాయ జాడీ, డిగ్రీ పట్టా

కాలేజీలో సరుకేది? కొనుక్కునేదెవరు? ప్రశ్న కొంటెగా ఉందంటారేమో గానీ, ఆలోచిస్తే అంత తేలిగ్గా తెగేది కాదు సుమండీ!

నాణ్యత అన్న మాట ఫ్యాక్టరీల్లోంచి కాలేజీల్లోకి నడిచొచ్చి చాలా కాలమే అయింది. 1950లో డెమింగ్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జపాన్ వెళ్ళి అక్కడి పరిశ్రమల వాళ్ళకి పాఠాలు చెప్పాడు. మరుసటి ఏడే ఆయన పేర అక్కడ బహుమతి నెలకొల్పారు. ఆయన చెప్పిన 14 సూత్రాల్లో ఒకదాని సారాంశం ఇది: నాణ్యత చివర చేసే తనిఖీతో రాదు, తయారీలోనే రావాలి.

ఇది మన ఆడవాళ్ళకి కొత్తా? జాడీకి వాసెన కట్టేశాక దిగులుపడి ఏం లాభం? ముక్క తడి లేకుండా తుడిచినప్పుడే, ఉప్పు పాళ్ళు చూసినప్పుడే ఏడాది నిలవ సంగతి తేలిపోతుంది. చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏడాదంతా వదిలేసి, మూడు గంటల పరీక్షలో తేల్చేద్దామనుకుంటాం!

మన దేశంలో 1994లో కాలేజీల నాణ్యత చూడ్డానికి యూజీసీ ‘నాక్’నీ, ఇంజనీరింగు వంటి కోర్సుల కోసం ఏఐసీటీఈ ‘ఎన్‌బీఏ’నీ ఏర్పాటు చేశాయి. మంచిదే. కానీ పుస్తకాలెన్నో, ల్యాబులెన్నో లెక్కపెట్టినంత సులువుగా ఓపికని లెక్కపెట్టలేం. అర్థం కాలేదన్న పిల్లకి విసుక్కోకుండా మళ్ళీ చెప్పిన లెక్చరరు మంచితనం ఏ గడిలో రాస్తారు? భయాన్ని పారదోలమన్నదీ డెమింగ్ సూత్రాల్లో ఒకటే మరి.

ఇక మొదటి ప్రశ్న. ఫీజు కట్టేది మనం కనక కొనుక్కునేదీ మనమే అనుకుంటాం. పాఠం సరిగ్గా చెప్పమని నిలదీసే హక్కు మనకుంది, కాదనను. పాసు చెయ్యమని అడిగే హక్కు మాత్రం ఎక్కడిది? నర్సింగు చదివే అమ్మాయి చేతి సూదికి రేపు చెయ్యి చాపే రోగి ఒకడున్నాడు. అతను ఫీజు కట్టలేదు, అభిప్రాయాల ఫారమూ నింపలేదు. అయినా ఆ చదువు నాణ్యత అందరికంటే ఎక్కువ కావలసింది అతనికే.

అలాగని పిల్లల్ని సరుకనీ అనలేం. మామిడిముక్క ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు. పిల్లలకి మనసుంటుంది, సగం పని వాళ్ళే చేసుకోవాలి. నా దృష్టిలో వాళ్ళు కొనేవాళ్ళూ కారు, అమ్ముడయ్యేవాళ్ళూ కారు. తయారీలో చెయ్యి కలిపేవాళ్ళు.

అందుకే కాలేజీ ఎంచేటప్పుడు “ఉద్యోగాలెన్ని వచ్చాయి?” అనే కాదు, ఇంకొకటి కూడా అడుగుదాం: “ఇక్కడ చదివినవాళ్ళ ముందు మనం జంకకుండా చెయ్యి చాపగలమా?”