రెండు కళ్ళు

మన ఇళ్ళలో తల్లులు అలవాటుగా అనే మాట ఒకటి ఉంది: ‘నాకు ఇద్దరూ రెండు కళ్ళు.’ బిడ్డల మధ్య ఎక్కువ తక్కువలు లేవని చెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఒక కన్ను రెండో కంటిని పొడిచిన ఇంట్లో ఈ మాటకు అర్థమేమిటి? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. హోసూరు పక్కన మా బంధువుల ఇంట్లో ఎదురయింది.

ఆమె నాకు వరుసకు వదిన. తల్లీ కూతురూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. కొడుకును మాత్రం అడగలేదు. అది నా లోపమే కావచ్చు.

వాళ్ళది గులాబీ తోట. పూలు తెల్లవారకముందే కోసి మార్కెట్టుకు చేర్చాలి కనుక మొగుడూ పెళ్ళాలు నాలుగింటికే ఇల్లు వదిలేవారు. ఇంట్లో పిల్లలిద్దరే ఉండేవారు. అన్నకూ చెల్లెలికీ నాలుగేళ్ళ తేడా. అమ్మాయికి ఎనిమిదో ఏట మొదలై పద్నాలుగో ఏటి దాకా ఆ ఉదయాలు ఎలా గడిచాయో బంధువులమైన మాకెవరికీ తెలియదు. అన్న కొట్టేవాడు. మోటారు షెడ్డులో పెట్టి గొళ్ళెం వేసేవాడు. ఒకసారి చెయ్యి విరిగితే జామచెట్టు మీదినుంచి పడ్డానని చెప్పమన్నాడు. ఆ పిల్ల అలాగే చెప్పింది, మేమందరం నమ్మాం. ఆ కట్టు మీద నేను కూడా పెన్నుతో పువ్వు బొమ్మ వేశాను.

అన్నాచెల్లెళ్ళన్నాక కొట్లాటలుండవా అని పాఠకులు అనవచ్చు. ఉంటాయి. నేనూ మా అన్నా బొంగరం కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళమే. కానీ కొట్లాటలో వంతులుంటాయి. ఇవాళ ఏడ్చినవాడు రేపు ఏడిపిస్తాడు, ఎల్లుండి ఇద్దరూ కలిసి మామిడికాయలు దొంగిలిస్తారు. ఆ ఇంట్లో వంతులు లేవు. భయం ఎప్పుడూ ఒకరిదే.

సంగతి బయటపడింది 2016లో, ఆ అమ్మాయి పెళ్ళిపీటల మీద. లాజహోమంలో పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయవలసింది అన్న. ‘అన్న వద్దు, పిన్నికొడుకు పోస్తాడు’ అంది. పురోహితుడు మంత్రం ఆపాడు. మా వదిన పరుగెత్తుకెళ్ళి కూతురి చెవిలో ఏదో చెప్పి, బతిమాలి, చివరికి కళ్ళెర్రజేసింది. పిల్ల కదలలేదు. పిన్నికొడుకే పోశాడు. అన్న పందిట్లోంచి వెళ్ళిపోయాడు. మేమందరం మర్యాదగా అప్పడాల గురించి మాట్లాడుకున్నాం.

అప్పటినుంచీ చెల్లెలు బెంగుళూరులో, అన్న తోటలో. తండ్రి పోయాడు. తల్లి ఉండేది కొడుకు దగ్గరే. వాడు ఆమెను బాగానే చూసుకుంటాడు, మందులు తెస్తాడు, ఆస్పత్రికి తీసుకువెళతాడు. తన పిల్లల మీద చెయ్యి ఎత్తడు. ఒకసారి నాతో అన్నాడు: ‘మా నాయన నన్ను బెల్టుతో కొట్టేవాడు. నేనెవరికి చెప్పుకోవాల? చిన్నతనంలో ఏదో జరిగింది, ఇంకా దాన్నే పట్టుకుంటే ఎట్లా?’ మొదటి సగం నన్ను కదిలించింది. రెండో సగాన్ని మొదటి సగం మోయలేదు.

చిన్నతనాన్ని చట్టం కూడా పరిగణిస్తుంది. పాత పీనల్ కోడూ, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితా ఏడేళ్ళ లోపు బిడ్డ చేసినదాన్ని నేరమే కాదన్నాయి. ఏడు నిండి పన్నెండు లోపయితే, చేసేదేమిటో తెలిసే పరిపక్వత ఉందా అని చూడమన్నాయి. పద్దెనిమిది లోపువాళ్ళ విచారణకు జువెనైల్ జస్టిస్ బోర్డులున్నాయి. ఇవన్నీ శిక్ష ఎంత అన్నదాన్ని తగ్గిస్తాయి. దెబ్బ తగిలిందా లేదా అన్నదాన్ని మార్చవు. పద్నాలుగేళ్ళవాడిని రాక్షసుడనడం తప్పు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఏమీ జరగలేదనడమూ తప్పే.

భారతం ఆదిపర్వంలో భీముడు కౌరవ పిల్లల్ని నీళ్ళలో ముంచుతాడు, వాళ్ళెక్కిన చెట్లను ఊపి కింద పడేస్తాడు. దుర్యోధనుడు అతనికి విషం పెట్టి, కట్టి, గంగలో తోయిస్తాడు. బతికి వచ్చిన భీముడితో ధర్మరాజు ఈ మాట బయట చెప్పవద్దంటాడు. విదురుడు కుంతికీ అదే సలహా ఇస్తాడు. చిన్నప్పుడు నాకిది పెద్దరికంగా తోచింది. ఇప్పుడు చదివితే ఒక తేడా కనబడుతోంది. తండ్రి లేని పిల్లలు, తలదాచుకున్నది కొట్టినవాడి తండ్రి ఇంట్లో. వాళ్ళ మౌనం ప్రాణరక్షణ. మన ఇళ్ళలో మౌనం కాపాడేది దెబ్బ తిన్నవాళ్ళను కాదు, ఇంటి పేరును.

అదే భారతంలో గాంధారి ఉంది. రెండోసారి జూదం ఆడించబోతుంటే కొడుకును వదిలెయ్యమని భర్తకు చెప్పింది. యుద్ధంలో జయం కలగాలని దీవించమని కొడుకు వస్తే, ధర్మం ఉన్నచోటే జయమంది గానీ నీకే జయమనలేదు. ఆ కొడుకు శవం మీద పడి ఏడ్చిందీ ఆమే. బిడ్డ చేసింది తప్పన్న తల్లికి బిడ్డ మీద ప్రేమ లేదని ఎవరనగలరు?

మా వదిన కోరిక ఒక్కటే. తాను పోయేలోగా ఇద్దరూ ఒక పండుగనాడు ఒకే వరుసలో విస్తరి ముందు కూర్చోవాలి. న్యాయమైన కోరికే అనిపిస్తుంది. ఆమె బాధ చిన్నది కాదు, కొడుకు ఇంటి అన్నం తింటూ కొడుకును తప్పనడం మాటలు కాదు. కానీ ఆ పండుగకు ఖర్చు ఎవరు పెట్టాలి? కూతురే. తల్లి కన్నుమూతకు ముందు శాంతి కావాలి కనుక కూతురు మరిచిపోవాలి. బ్యాంకులో నేను చాలా బాకీలు రైటాఫ్ చేయడం చూశాను. అది చేయగలిగింది అప్పిచ్చినవాడే. పక్కింటివాడు చేయలేడు, తల్లి కూడా చేయలేదు. పైగా రైటాఫ్ చేసినంత మాత్రాన అప్పు తీసుకున్నవాడి బాధ్యత పోదు. ఇది మా క్లర్కులకు తెలుసు, కుటుంబ పెద్దలకు తెలియదు.

బెంగుళూరు వెళ్ళినప్పుడు ఆ అమ్మాయిని అడిగాను. ‘అన్నను వదిలెయ్యమని నేనెప్పుడూ అనలేదు చిన్నాయనా. అమ్మ అక్కడే ఉండనీ. పదేళ్ళప్పుడు ఒకసారి అమ్మకు చెప్పినాను. “ముందు నువ్వేం చేస్తివి?” అనింది. అన్న కొట్టిన దెబ్బలు కొన్ని మరిచిపోయినాను. ఆ మాట మరిచిపోలేదు’ అంది.

ఈమధ్య వదిన మా బ్రాంచికి వచ్చింది. డిపాజిట్లకు నామినీలుగా నలుగురి దాకా పెట్టుకోవచ్చనీ, ఎవరికెంత శాతమో రాయవచ్చనీ 2025 నవంబరు 1 నుంచి రూలు వచ్చింది కదా. అంతకుముందు ఆమె ఖాతాకు కొడుకు ఒక్కడే నామినీ. ‘దానికి డెబ్భై, వాడికి ముప్పై రాస్తే సరిపోతుందా మరిదీ?’ అంది. నామినీ డబ్బు తీసుకునేవాడే గానీ సొంతదారు కాడని, ఎవరికి చెందాలో వీలునామా రాసుకోవాలని చెప్పాను. వృత్తి ధర్మం. ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు. ఆ ఆరేళ్ళకు ఎంత శాతమని అడుగుతోంది.

‘వదినా, అది డబ్బు అడిగిందా?’ అన్నాను.

‘లేదు.’

‘మరి ఏమడిగింది?’

చాలాసేపు ఫారం మీద వేలు ఆడించింది. ‘నేను ఆ దినం దాన్నే అడిగితిని కదా’ అంది. ఎప్పటి సంగతో నేను అడగలేదు.

ఫారంలో చెరి యాభై రాసి సంతకం పెట్టింది. మూడు రోజుల తరవాత, ఆదివారం, కూతురికి ఫోను చేసిందట. ‘నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మాల్సింది. నాది తప్పు’ అందట. పండుగ మాట ఎత్తలేదట. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తరవాత ‘బీపీ మాత్ర వేసుకున్నావా అమ్మా?’ అని అడిగి కూతురు ఫోను పెట్టేసిందట.

‘దానికి అర్థమేంది మరిదీ?’ అని వదిన నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. వచ్చే ఆదివారం మళ్ళీ చేస్తానంది. కొడుకుతో మాట్లాడటం ఇంకా మిగిలే ఉంది.