దండించే ముందు అడిగామా?

బడిలో క్రమశిక్షణ అనగానే మాట బెత్తం మీదికి పోతుంది. బెత్తం సంగతి చట్టం తేల్చేసింది. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి కొట్టాలా వద్దా అని మనం ఇంకా వాదించుకోనక్కర్లేదు. దేన్ని తప్పు అంటున్నాం, అది తప్పని ఎవరు తేల్చారు అన్నది మాత్రం ఆలోచించాలి.

ఒకటో తరగతి కోయ పిల్లవాడు పంతులు దగ్గరికొచ్చి "నువ్వు నాకు బలపం ఇయ్యి" అంటాడు. మైదానం నుంచి వచ్చిన పంతులుకు చురుక్కుమంటుంది. వీడికి మర్యాద లేదనుకుంటాడు. మా ఊళ్లలో తాతనైనా, ఊరి పెద్దనైనా 'నువ్వు' అనే పిలుస్తాం. పెద్దాయన వస్తే లేచి మంచం మీద చోటిస్తాం. మా గౌరవం అక్కడుంటుంది. పిల్లవాడు 'మీరు' అనడం నేర్చుకోవాలి, కాదనం. రేపు సంతలోనూ ఆఫీసులోనూ వాడికి ఆ మాట కావాలి. అయితే అదీ ఎక్కం లాంటి పాఠమే. ఎక్కం రానివాడికి మళ్లీ చెబుతాం, నేరం మోపం.

నోరు విప్పని పిల్లకు 'మొండి' అని పేరు పెట్టడం ఇంకొకటి. తెలియని భాషలో ప్రశ్న అడిగితే ఆరేళ్ల పిల్ల ఏం చెబుతుంది? ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించిన చదువులో గోండు యువకులకే శిక్షణ ఇచ్చి పంతుళ్లను చేశారు. పిల్లల మాట తెలిసినవాడే వాళ్ల మౌనాన్ని కూడా సరిగా అర్థం చేసుకోగలడు.

మా ఊళ్లో తగువు వస్తే పెద్దలు చెట్టు కింద కూర్చుంటారు. ఇద్దరి మాటా వింటారు. ఎంత పెద్ద గొడవైనా, వినకుండా ఎవరిచేతా తప్పు కట్టించరు. అదే ఊరి పిల్ల బడికి రెండు రోజులు రాకపోతే, ఎందుకని అడగకుండానే గోడవైపు తిప్పి నిలబెడతాం. ఇప్పపూల కాలంలో తెల్లవారుజామునే తల్లితో పాటు చెట్టు కిందికి పోయి ఏరిన పిల్ల అది. ఇంట్లో మంచి పిల్ల, బడిలో చెడ్డ పిల్ల. పెద్దవాళ్లకు ఇచ్చే విచారణ చిన్నపిల్లకు ఎందుకు ఇవ్వం?

అలాగని అన్నీ వదిలేయమనడం లేదు. "వీళ్లింతే, వీళ్లకు చదువు ఎక్కదు" అని కుర్చీలో కూర్చుని ఫోను చూసుకునే పంతులు ఎవర్నీ కొట్టడు. పిల్లలకు అతనంటే భయం కూడా లేదు. కానీ పిల్లవాడు పక్కవాడి పలక పగలగొట్టినా అడగడు, అక్షరం తలకిందులుగా రాసినా దిద్దడు. మా దృష్టిలో ఇది దెబ్బ కన్నా పెద్ద అవమానం. దిద్దడమంటే నీ నుంచి ఆశిస్తున్నానని చెప్పడం. పలక పగలగొట్టినవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి మాటా రెండోవాడి మాటా వాళ్ల భాషలోనే విని, కొత్త పలక వచ్చేదాకా తన పలకను ఇద్దరూ వాడుకునేలా ఒప్పించాలి. దీనికి అరగంట పడుతుంది. ఏకోపాధ్యాయ బడిలో అయిదు తరగతులు ఒక్కరే చూసుకునే చోట ఆ అరగంట దొరకడం కష్టం. ఒక్క అరుపుతో పని అయిపోతుంది. అందుకే అరుపు అలవాటవుతుంది.

"కొట్టయినా చదువు చెప్పు సారూ" అని తండ్రులే అంటారు కదా అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. అంటారు, నిజమే. అలా అన్న మామల్ని కూర్చోబెట్టి, నీ చదువు ఎన్నో తరగతిలో ఆగింది, ఎందుకాగింది అని అడుగుతుంటాం. రెండో తరగతి, మూడో తరగతి అంటారు. ఆనాటి పంతులి దెబ్బల సంగతి చెప్పి నవ్వుతారు, ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడరు.