ఎంత సొమ్ము చాలు? – సుగ్గి వలసల నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

మనిషి మంచిగా బతకడానికి ఎంత సొమ్ము కావాలి? ఈ ప్రశ్నకు ప్రభుత్వం అంకెలతో సమాధానం చెప్పింది, సంప్రదాయం తృప్తితో సమాధానం చెప్పింది. ఈ రెండు సమాధానాలనూ పెద్దకడుబూరు ప్రాంతపు వలస జీవితం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పనికోసం ఊరు విడిచి వెళ్లడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, కొత్తపంట సంబరం. సరిహద్దు దాటి వచ్చిన ఈ మాట ఇక్కడ పరాయి చేలల్లో పంట కోయడానికి చేసే ప్రయాణానికి పేరయింది. మెట్టపంట చేతికి రాని ఏడు, వచ్చినా అప్పు తీరని ఏడు, కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు, మరికొన్ని బెంగళూరు కట్టడాల పనులకు వెళ్తాయి. ఇంటి దగ్గర ముసలివాళ్లు మిగులుతారు. పిల్లల చదువు మధ్యలో తెగుతుంది.

టెండూల్కర్ పద్ధతి ప్రకారం 2011-12లో దారిద్ర్యరేఖ గ్రామాల్లో నెలకు తలకు 816 రూపాయలు. రంగరాజన్ సంఘం 2014లో దాన్ని 972 రూపాయలుగా సూచించింది. ఈ లెక్కలు ఖర్చును కొలుస్తాయి. ఆ సొమ్ము ఎక్కడ, ఏం పోగొట్టుకుని సంపాదించారన్నది వాటికి పట్టదు. సొంత ఊళ్లో ఉంటూ రేఖ దాటిన కుటుంబమూ, నెలల తరబడి పరాయి చేలగట్లపై గుడిసె వేసుకుని దాటిన కుటుంబమూ ఆ పట్టికలో ఒకటే.

ఇక తృప్తి. పోతన భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు బలి ఇవ్వజూపిన సంపదలను కాదని మూడడుగుల నేల చాలంటాడు. ఇక్కడ గమనించవలసింది ‘చాలు’ అన్న మాట కంటే ఆ మాట అనగల స్థితి. ఎదుట దాత ఉన్నాడు, ఇస్తానంటున్నాడు, వద్దనే వీలుంది. ఎంచుకోవడానికి ఏమీ లేని కూలికి అదే తృప్తిని బోధిస్తే అది ధర్మబోధ కాదు, లేమికి పెట్టిన మంచి పేరు.

అవసరం కడుపుతో ముగియదు. నార చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి తన కాలపు దినకూలీ సిగ్గుపడతాడని ఆడం స్మిత్ 1776లో గుర్తించాడు. మన పల్లెల్లో ఆ చొక్కా స్థానంలో పెళ్లి చదివింపులను ఊహించుకోవచ్చు. చదివించలేనివాడు పెళ్లికే వెళ్లడు. తలెత్తుకుని తిరగడానికి చేసిన అప్పే చివరికి ఊరు విడిపిస్తుంది.

సుగ్గి సంపాదనతో ఇల్లు కట్టుకున్నవారు, ఆడపిల్ల పెళ్లి చేసినవారు లేరా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. వలస దానంతటదే చెడు కాదు. ఉద్యోగానికి అమెరికా వెళ్లేవాడూ వలసపోతున్నాడు. అయితే అతను వెళ్లకుండా ఉండగలడు. కనుక ప్రమాణం ఇలా ఉండాలి: ఇష్టంలేని పనిని, అకాలపు ప్రయాణాన్ని ‘రాను’ అని చెప్పగలిగేంత సొమ్ము మంచి బతుకుకు కనీసం.

ఈ కనీసం మొత్తంపై కంటే నిలకడపై ఎక్కువ ఆధారపడుతుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చొరవతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఇందుకు సమీపంలోని నిదర్శనం. సహకార పద్ధతి నేతగాణ్ణి ధనికుణ్ణి చేస్తానని చెప్పదు. నూలుకూ అమ్మకానికీ ఒకే షావుకారిపై ఆధారపడనవసరం లేకుండా చేయడం దాని లక్ష్యం. 2005 నాటి ఉపాధి హామీ చట్టపు వంద రోజుల పని వెనుక ఉన్న తర్కమూ అదే. ఆ కూలి ఆలస్యమైతే హామీ విలువ పోతుంది, ఎందుకంటే ఆకలికి వాయిదా లేదు. కాలువ నీరు, బడి, ఆసుపత్రి ఊళ్లో సక్రమంగా ఉంటే మనిషికి విడిగా కావలసిన సొమ్ము తగ్గుతుంది. కాబట్టి ‘ఎంత’ అన్నది ఒక్క మనిషి జేబు లెక్క కాదు, ఊరి లెక్క కూడా.

ఈ ప్రమాణం ఉన్నవారికీ ఒక హద్దు గీస్తుంది. మన సౌఖ్యం ఇంకొకరు ‘రాను’ అనలేకపోవడంపై నిలిచినప్పుడు, మన దగ్గరున్నది చాలినదానికంటే ఎక్కువే. తృప్తిని బోధించవలసింది అక్కడ. సుగ్గికి బయలుదేరే కుటుంబానికి ముందుగా కావలసింది తృప్తి కాదు, ఆగిపోగల వీలు. ఆ వీలు ఉన్న రోజున వారు ‘చాలు’ అంటే, ఆ మాటకు వామనుడి మాటకున్నంత విలువ ఉంటుంది.